హుండీలో పడిన వాచీ

గంగాధరానికి వాచీల పిచ్చి అని చిత్తూరులో చాలామందికి తెలుసు. అది పిచ్చి కాదని తెలిసినవాడు ఒక్కడే. తిరుపతిలో గాంధీరోడ్డు పక్క సందులో వాచీలు బాగుచేసే చెంగయ్య.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి గంగాధరం. ఆయన ముందుగదిలో అద్దాల బీరువా నిండా చేతి వాచీలే. పాత హెచ్‌ఎంటీలు, చెయ్యి ఊపితే వాటంతటవే కీ ఎక్కే జపాను వాచీలు, పేరు కూడా చెరిగిపోయిన స్విస్ ముసలివి. బ్యాటరీ వాచీ ఆ గడప తొక్కదు. పొద్దున కాఫీ తాగి, వేళ్ళు తుడుచుకుని, ఒక్కొక్కదానికీ కీ ఇస్తాడు. ఆ వేళకు భార్య చంద్రకాంతమ్మ పెరట్లో ఏదో ఒక పని కల్పించుకునేది. తన ముచ్చటంటే ఆమెకు చులకనని ఆయన అనుకునేవాడు.

ఆ మధ్య బెంగళూరు నుంచి కిరణ్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ బీరువా చూడ్డానికని పనిగట్టుకుని వచ్చాడు. వాచీల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పరిచయం. అతని చేతికి సరికొత్త స్విస్ వాచీ ఉంది, వీపున అద్దం బిగించి లోపలి చక్రాలు కనబడేటట్టు చేసినది. ఇద్దరూ తలలు ఆనించి చాలాసేపు దాన్నే చూశారు. ఇంత చిన్న చక్రం ఊగి అంత పెద్ద రోజును నడపడం గంగాధరానికి ఎప్పుడూ ముచ్చటే. పాతవాటి లెక్క వేరు. గీతలు పడ్డ అద్దాలూ, వెలిసిన అంకెలూ చూస్తే ఎవరి చేతి మీదో బతికి వచ్చాయని తెలుస్తుంది. మీరు ఏ పద్ధతిలో సేకరిస్తారు, కంపెనీని బట్టా, కాలాన్ని బట్టా అని కిరణ్ అడిగాడు. గంగాధరం కాస్త ఆలోచించి, దొరికినదాన్ని బట్టి అన్నాడు. ఆ కుర్రాడు దాన్ని గొప్ప సూత్రంగా భావించి గ్రూపులో పెట్టాడు.

అసలు సంగతి మరొకటి. ఏడేళ్ళ కిందట గంగాధరానికి గుండె ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చి కాస్త తేరుకోగానే ఆయన అడిగింది తన వాచీ. మొక్కుకున్నానని, కొండకు పోయి హుండీలో వేసి వచ్చానని చంద్రకాంతమ్మ చెప్పింది. మంచిపని చేశావన్నాడాయన. ఇంకేమంటాడు? ప్రాణం పోసిన స్వామికీ, మొక్కిన ఇల్లాలికీ కలిపి ఎదురుచెప్పే మగాడు చిత్తూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు. కానీ ఆ వాచీని మాత్రం మరిచిపోలేకపోయాడు.

అది పెళ్ళికి ముందు, మొదటి మామిడి సీజను బోనసుతో మద్రాసు బర్మా బజారులో కొన్న ఫేవర్ లూబా కంపెనీ స్విస్ వాచీ. కొన్నప్పుడు తెల్లగా ఉన్న డయలు ఏళ్ళు గడిచేకొద్దీ మాగి, పండబోయే తోతాపురి మామిడి రంగుకు తిరిగింది. ఆ రంగు కోసం తెలిసినవాళ్ళు చెవి కోసుకుంటారు. ఆమెకు తలనీలాలున్నాయి, నిలువుదోపిడీ ఉంది, ఒంటి మీద నాలుగు గాజులున్నాయి. ఇన్ని దారులుండగా నా చేతి వాచీయే కనబడిందా అని ఆయన బాధ. తనకు అన్నిటికన్నా ఇష్టమైనదేదో చూసి, కావాలనే ఏరి ఇచ్చిందని నమ్మాడు. అడగలేదు. అడక్కపోబట్టి ఆ నమ్మకం ఏటేటా ముదిరింది.

హుండీలో పడిన వాచీలను దేవస్థానం వాళ్ళు అప్పుడప్పుడూ వేలం వేస్తారని ఆయనకు తెలిసింది. విడిగా ఒక వాచీ ఇవ్వరు, లాటు లాటుగా కొనాలి. గంగాధరం కొన్నాడు. సంచీ మోసుకుని చెంగయ్య దగ్గరికి పోయేవాడు. ఫేవర్ లూబా ప్రతిదీ చెంగయ్య మూత విప్పి, లోపలివైపు తిప్పి చూసేవాడు. తాను బాగుచేసిన వాచీ మూత లోపల సూదిమొనతో తన గుర్తు గీయడం అతని అలవాటు; హుండీలో పడిన వాచీనీ ఒకప్పుడు అతనే బాగుచేశాడు. కనబడకపోతే తల అడ్డంగా ఊపేవాడు. మిగిలినవాటిలో నడిచేవి నడిపించి, నడవనివి విడిభాగాలకు ఉంచుకునేవాడు. నడిచినవి బీరువాలోకి చేరేవి. బెంగళూరు వాళ్ళు వచ్చి మెచ్చుకునే సేకరణ అంతా అట్లా ఒక్క వాచీ దొరక్కపోవడం వల్ల పోగైంది. మొదట్లో వాటి మీద ఆయనకు ప్రేమ లేదు. రోజూ కీ ఇస్తూ ఇస్తూ పుట్టింది.

ఈ చలికాలం తెచ్చిన లాటులో పట్టీ ఊడిపోయి, ఆగిపోయిన ఫేవర్ లూబా ఒకటి ఉంది. డయలు తోతాపురి రంగు. చెంగయ్య కంటికి భూతద్దం తగిలించుకుని మూత విప్పాడు. మూత లోపలివైపు తిప్పి చూశాడు. తర్వాత మూతను గంగాధరం అరచేతిలో పెట్టాడు.

"సూడప్పా," అన్నాడు. "నా గీతే."

గంగాధరం ఆ గీతను వెలుతురుకు పట్టి చూశాడు. చెంగయ్య దాన్ని విప్పి, కడిగి, నూనె వేసి, కొత్త పట్టీ కట్టి, నడిపించి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒకటే అడిగాడు, ఇంట్లో ఏం చెప్తావని.

చిత్తూరు బస్సులో దారి పొడవునా గంగాధరం అదే ఆలోచించాడు. బీరువాలో మిగతావాటి మధ్య దాచేయవచ్చు. కానీ దాచడానికి కాదు గదా ఇన్నాళ్ళు వెతికింది. తన వస్తువు తనను అడక్కుండా ఎట్లా ఇచ్చేసిందో ఈ రోజు అడిగి తేల్చుకోవాలి. స్వామి అమ్మాడు, తాను కొన్నాడు, ఇందులో మొక్కుకు వచ్చిన నష్టమేమీ లేదు. పూతలపట్టు దాటేసరికి మాటలన్నీ వరసగా కుదిరాయి.

ఇంటికొచ్చేసరికి చంద్రకాంతమ్మ వసారాలో కూర్చుని నానిన అనపగింజలు పితికి పొట్టు తీస్తోంది. ఆయన ఎదురుగా కూర్చుని, చేతికున్న వాచీ విప్పి ఆమె తడి అరచేతిలో పెట్టాడు. ఆమె చూసింది, గుర్తుపట్టింది. నిప్పు పడినట్టు దాన్ని పొట్టు గిన్నెలోకి జారవిడిచింది.

ఆయన అనుకున్నవన్నీ అన్నాడు. వేలంలో కొన్నాననీ, తప్పు లేదనీ చెప్పి, చివరికి, "నాకు ఇష్టమైందని తెలిసే గదా నువ్వు ఇస్తివి," అన్నాడు.

చంద్రకాంతమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"ఇష్టమో గిష్టమో నాకేం తెలుసు. నిన్ను లోపలికి తీసకపోయినాక నర్సమ్మ తెచ్చి నా చేతిలో పెట్టింది. పొద్దుగుంకే దాకా అది నా చేతిలో కొట్టుకుంటానే ఉన్నింది. అది ఆగిపోతే నువ్వు పోతావనిపించింది. కీ ఇయ్యాలంటే భయం, ఎక్కువ తిప్పితే తెగిపోతాదేమోనని. ఇయ్యకుంటే ఆగిపోతాదని భయం. దీన్ని నువ్వే పెట్టుకో సామీ, ఆ మనిషిని నాకియ్యి అన్నాను. దాని సప్పుడు మళ్ళా వినే ధైర్యం నాకు లేదు."

ఆమె మళ్ళీ అనపగింజలు తీసుకుంది. ఆ రోజు ఆమె ఎక్కడ కూర్చుందో, పక్కన ఎవరున్నారో, ఏమైనా తిన్నదో లేదో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదని ఆయనకు అప్పుడు తోచింది. చాలా సిగ్గేసింది. పొద్దునపూట ఆమె పెరట్లోకి ఎందుకు పోతుందో కూడా తెలిసింది. గిన్నెలోంచి వాచీ తీసి, పంచె చెంగుతో తుడిచి, బీరువా కింది అరలో పెట్టాడు. దానికి కీ ఇవ్వలేదు. మర్నాడు అది ఎప్పుడో ఆగిపోయింది.

ఆ పై పొద్దున ఆయన ఎప్పటిలాగే పై అర నుంచి మొదలుపెట్టాడు. సగం వాచీలు అయ్యాయి. వెనక అలికిడైతే తిరిగి చూశాడు. పెరట్లో ఉండాల్సిన చంద్రకాంతమ్మ ముందుగది గడప దగ్గర నిలబడి ఉంది.

"కింద ఉండేదానికి ఇయ్యవా?" అంది.

ఎందుకులే అన్నాడాయన. ఆమె లోపలికి వచ్చి, వంగి, ఆ వాచీ తీసుకుంది. వేళ్ళతో కీ పట్టుకుని, కొత్తగా ముగ్గు నేర్చుకునే పిల్లలా కొంచెం కొంచెంగా తిప్పింది. ఎంతదాకా తిప్పాలని అడిగింది.

"తిరిగినంత తిప్పు. తెగదు. నిండినాక అదే తిరగదు."

కాసేపటికి కీ ఆగింది. వాచీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. చంద్రకాంతమ్మ ఈసారి దాన్ని కింద పెట్టలేదు. గుప్పిట మూసి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు లోపలుంటివి," అంది. "ఇప్పుడు బయటుండావు గదా."

మిగిలిన సగం వాచీలకు ఆ రోజు కీ ఇవ్వడం గంగాధరం మరిచిపోయాడు.