ఇస్త్రీ గదిలో వెల్లుల్లి

వదినగారి ఇంటి పైకప్పు పూర్తిగా విప్పేశారు. కొత్తది వేసేలోపు వానలు వచ్చేస్తాయని మేస్త్రీ ముందే చేతులెత్తేశాడు. దాంతో ఆమె ఆ ఏడు పండిన వెల్లుల్లిలో విత్తనానికి ఏరి పెట్టుకున్నదంతా వ్యానులో వేయించుకొచ్చి తమ్ముడి ఇంటి ముందు దింపించింది. అది చెడిపోతే వచ్చే పంటకు నాటడానికి రెబ్బ ఉండదు. వదినకు ఉన్నదల్లా ఆ పొలమే.

ఆమెను ఇంటిల్లిపాదీ చాటుగా కలెక్టరమ్మ అంటారు. తండ్రి సహా అందరికీ పనులు పురమాయించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. తమ్ముడి భార్య అయిన మరదలి చేతిపని మాత్రం ఆమెకు ఏనాడూ ఆనలేదు. ఆ రోజు కూడా వ్యాను దిగుతూనే, ఈ ఇంట్లో ఏం పెట్టినా బూజు పడుతుంది, గతిలేక పెడుతున్నానని మొహం మీదే అనేసింది.

మరదలికి అరికాలి మంట నెత్తికెక్కింది. "పెట్టి వెళ్లండి వదినా. ఒక్క గడ్డ మెత్తబడినా నన్నడగండి" అంది. ఆమెకు ఎప్పుడూ మాట ముందు, ఆలోచన వెనక. వ్యాను సందు మలుపు తిరిగాక గానీ ఇంత సరుకు ఎక్కడ పెట్టాలన్నది తట్టలేదు.

వాళ్లది ఇస్త్రీ పని. వెనక రెండు గదులకూ గోడల నిండా చెమ్మ. ముందున్న ఇస్త్రీ గది ఒక్కటే పొడిగా, వెచ్చగా ఉంటుంది. రెండు వైపులా కిటికీలున్నాయి, గాలి ఇటు నుంచి అటు పోతుంది. అక్కడే పెడతానంటే భర్త తల గోక్కున్నాడు. మామగారు, బట్టలకు కాపలా పెడుతున్నావా అమ్మా అని నవ్వాడు. ఆమె ఎవరి మాటా చెవిన పెట్టలేదు.

గడ్డల్ని కడగలేదు, మట్టిని పాత గుడ్డతో తుడిచింది. కాడలు కోయలేదు. దెబ్బ తగిలినవన్నీ ఏరి వంటింటి బుట్టలో పడేసింది. మిగిలినవాటిని, ఒకదాని బరువు ఇంకోదాని మీద పడకుండా, కాడలతోనే గుత్తులుగా కట్టింది. స్టూలెక్కి, పైన ఉన్న ఇనుప కమ్మీలకు కిటికీల వైపుగా వేలాడదీసింది. వాన పడితే కిటికీలు మూసేది, ఎండ కాస్తే తీసేది. రోజూ పొద్దున్నే గుత్తుల్ని ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కి చూసేది. గట్టిగా తగిలిన ప్రతి గడ్డకూ ఆమె ఛాతీ కాస్త పొంగేది. బట్టలివ్వడానికొచ్చినవాళ్లు పైకి చూస్తే చాలు, వాళ్లు అడక్కపోయినా ఇదంతా మొదటి నుంచీ చెప్పేది. ఆ గొప్ప చూడలేక భర్త ఇస్త్రీ బల్ల మీదికి తల వంచేసేవాడు.

అంతలో బ్యాంకు గుమస్తా తన చొక్కాలు తిరిగి పట్టుకొచ్చాడు. కౌంటరు దగ్గర జనం ముక్కు మూసుకుంటున్నారట. ఆ తర్వాత బడి టీచరమ్మ చీరల సంగతీ అంతే. భర్త గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. అలాంటివాడు, వెల్లుల్లి కుళ్లుతున్నట్టుంది, అది పోవాలి, లేకపోతే గిరాకీ పోతుందన్నాడు. ఆ మాట ఎలాగో కలెక్టరమ్మ దాకా వెళ్లింది. మర్నాడే అదే వ్యానుతో దిగింది.

మరదలికి చెంప మీద కొట్టినట్టయింది. వెల్లుల్లికి దెబ్బ తగిలితేనో కుళ్లితేనో తప్ప ఊరికే వాసన రాదు. కుళ్లలేదని ఆమె వేళ్లకు తెలుసు. ఆ వేళ్లనే నమ్మి, చేతులు కట్టుకుని నిలబడి, ఒక్కటి మెత్తగా కనబడినా మొత్తం పట్టుకుపొమ్మంది.

కలెక్టరమ్మ గుత్తులన్నీ దింపించి, కట్లు విప్పి, ప్రతి గడ్డనూ బొటనవేలితో నొక్కింది. బ్యాంకు గుమస్తా కూడా అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఒక్కటీ మెత్తగా లేదు. మరదలు ఇక నోరు విప్పబోతుండగా, అందరి ముందూ గుప్పున అదే వాసన కొట్టింది.

"మరి ఇదేమిటి?" అంది కలెక్టరమ్మ.

మరదలు ముక్కు చూపించిన దారిన నడిచింది. మూలబల్ల మీద మామగారి బొగ్గుల ఇస్త్రీ పెట్టె. కరెంటు పెట్టెను ఆయన చేత్తో కూడా ముట్టుకోడు. ఆమె మూత ఎత్తింది. నిప్పుల పక్కన బూడిదలో ఒక వెల్లుల్లి రెబ్బ చిటపటలాడుతోంది. పళ్లు ఊడిన మామగారు వంటింటి బుట్టలోంచి రెబ్బలు తెచ్చుకుని మెత్తగా కాల్చుకు తింటున్నాడన్నమాట.

ఆమె తలెత్తి చూసింది. బల్ల వెనక కూర్చున్న మామగారు కళ్లు దించుకున్నాడు. జీవితంలో ఒకరి చొక్కా చెడగొట్టలేదని చెప్పుకునే మనిషి. గుమ్మంలో గిరాకీ, ఎదురుగా కూతురు. ఒక్క మాట అంటే తన పరువు నిలుస్తుంది, ఆయనది పోతుంది. ఆమె మూత మెల్లిగా దించేసింది.

"ఎక్కించుకోండి వదినా" అంది. తన మాట గాలిలో కలిసిపోతోంటే చూస్తూ నిలబడడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

డ్రైవరు గడ్డలు నింపిన మొదటి గోనె ఎత్తాడు. అప్పుడు మామగారు బల్ల పట్టుకుని లేచి, నేరుగా గుమ్మం దగ్గరికి, బ్యాంకు గుమస్తా ముందుకు వెళ్లాడు.

"బాబూ, నీ చొక్కాలకు వాసన పట్టించింది నేను. పెట్టెలో వెల్లుల్లి కాల్చుకు తిన్నాను" అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నీ మరదలు చూసి కూడా నన్ను బయటపెట్టలేదే, అమ్మాయీ. నా కోడలు కట్టిన గుత్తిలో ఒక్క గడ్డ చెడలేదు. చెడదు కూడా."

నా కోడలు అని ఆయన నలుగురి ముందూ అంత గట్టిగా అనడం మరదలు ఎన్నడూ వినలేదు. గుమస్తా నవ్వు ఆపుకుంటూ, చొక్కాలు మళ్లీ ఉతికించి తెస్తానని వెళ్లిపోయాడు.

కలెక్టరమ్మ నేల మీద ఇంకా రాసులుగా పడున్న గడ్డల్ని ఒకసారి చూసింది. డ్రైవర్ని పిలిచి గోనె లోపలికి తెమ్మంది. స్టూలు తనే లాక్కొచ్చి కమ్మీల కింద వేసింది. ఇక పురమాయింపులు మొదలవుతాయని అందరూ కాచుకుని ఉన్నారు.

"ఇలా కట్టడం నాకు చేతకాదు" అంది మరదలితో. "నువ్వెక్కు. నేను కింద నుంచి అందిస్తాను."

మరదలు స్టూలెక్కింది. కలెక్టరమ్మ రెండు చేతులా గడ్డలు పట్టుకుని, తల పైకెత్తి, ఆమె అడిగేదాకా నిలబడింది.