సగం నాదే

పాప జబ్బుతో పుట్టడానికి కారణం తల్లే. ఆ ఇంట్లో అది ఏనాడో తేలిపోయిన సంగతి. సాక్ష్యం ఎవరూ అడగలేదు.

పూటపూటకీ అన్నం మెదిపి, జల్లెడలో వేసి, చెంచాతో రుద్ది దింపేది ఆమే. పలుకు తగిలితే పాపకు పొలమారుతుంది. మెడ నిలవని పిల్లను మోచేతి మడతలో పెట్టుకుని, గొంతు కింద వేలు ఆనించి, మింగిందని తెలిశాకే రెండో చెంచా. ఎవరైనా వస్తే అత్తగారు గొంతు తగ్గించేది. "పిల్లను లోపలి గదిలో పడుకోబెట్టు. మా వైపు ఇలాంటివి లేవు తల్లీ." భర్త పేపరు తిరగేసేవాడు. ఆ చప్పుడే అతని జవాబు.

మళ్ళీ నెల తప్పింది. కడుపులో బిడ్డకు పరీక్ష చేయాలంటే ముందు ఇద్దరి రక్తం కావాలంది డాక్టరమ్మ.

"నాదెందుకండీ? మోసేది తను కదా," అన్నాడు భర్త. సూది చూసి మొహం తిప్పుకున్నాడు.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "ఈ నరాల జబ్బు ఒక్కరి నుంచి రాదు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ, తండ్రి నుంచీ కూడా చేరితేనే పిల్లకు వస్తుంది. అది మీ ఇద్దరిలోనూ ఉంది. తప్పు ఎవరిదీ కాదు."

మెట్లు దిగుతూ భర్త అన్నాడు. "అమ్మకు చెప్పకు. తట్టుకోలేదు."

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. తన తల్లి పురుళ్ళ సంగతులు తవ్వి తవ్వి, తన రక్తాన్ని తనే అనుమానించుకుని బతికిన ఇన్నేళ్ళలో, నా భార్య తట్టుకుంటుందా అని ఈ మనిషి ఒక్కసారైనా అనుకున్నాడా?

గడప దాటగానే అత్తగారు అడిగింది. "తేలిందా? నీ వైపేగా?"

"మీ అబ్బాయిని అడగండి అత్తయ్యా."

పాపను లోపలి గదిలోంచి తెచ్చి, ముందు గదిలో వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని అన్నం పెట్టసాగింది. వీధి తలుపు తీసే ఉంది. అతను పేపరు కోసం చూశాడు. అది పాప గిన్నె కింద పరిచి ఉంది.

"నాదీ ఉందమ్మా. సగం నాదే," అన్నాడు నేలకేసి చూస్తూ.

"సర్లే, ఆసుపత్రి వాళ్ళు ఏదో ఒకటంటారు. ఇంక ఆ మాట ఎత్తకండి," అంటూ అత్తగారు గబగబా తలుపు వేయబోయింది.

"తలుపు ఉండనీండి. పరీక్ష చేయించుకుంటా. ఏం తేలినా, ఏం చెయ్యాలో నేనే చూసుకుంటా. మోసేది నేనే కదా. ఇంక దీని గురించి ఈ ఇంట్లో నా నోట ఒక్క మాట రాదు."

పాప మింగింది. ఆమె రెండో చెంచా పెట్టింది.

ఆ మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.