పార్వతత్త ఏడుపు, మా ఊరి కుళాయి

2003లో డిగ్రీ అయ్యాక నాకు ఒకటే కోరిక పట్టుకుంది. ఊళ్ల తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగి, మాట్లాడి పనులు చేయించే ఉద్యోగం చెయ్యాలి. పలాసలో అలాంటి సంఘం నడిపే భారతి మేడం, "లా అయినా చదువు, సోషల్ వర్క్ అయినా చదువు. ఏదైనా విశాఖపట్నం వెళ్లాల్సిందే," అంది.

మా నాన్న కూర్మయ్య వల బాగుచేసుకుంటూ నవ్వాడు. "అడగడానికి కాలేజీ ఏటే? మీ పార్వతత్త ఏ కాలేజీకెల్లింది?"

పార్వతత్త నాన్నకు అక్క. మా తీరంలో ఎవరు పోయినా ఆమెనే పిలుస్తారు. ఆమె రాగం తీసి ఏడ్చిందంటే, బతికుండగా ఒక్క మంచిపని చెయ్యనివాడు కూడా మహానుభావుడై కాటికి వెళ్తాడు.

పందెం కుదిరింది. సోమవారం టెక్కలి ఆఫీసుకెళ్లి ఊరికి కుళాయి అడగాలి. నేను సాధిస్తే విశాఖపట్నం. అత్త సాధిస్తే ఆమె దగ్గరే శిష్యరికం. ఒళ్లు మండింది కానీ ఒప్పుకున్నాను.

నా అర్జీని ఆఫీసరుగారు తలెత్తకుండానే "చూద్దాం" అని పక్కన పడేశారు. తర్వాత అత్త వంతు. పాపం, బతికున్నవాళ్లను అడగడం ఆమెకు తెలీదు. ఆయన ఎదురుగా నేలమీద చతికిలబడి మొదలెట్టింది.

"ఎల్లిపోనావా నా బాబో! మా ఊరికి కులాయేయించిన నా బంగారు బాబో!"

అటెండరు చెప్పులు విప్పేశాడు. గుమస్తాలు లేచి నిలబడ్డారు. ఎవరో గోడమీది పటానికున్న దండ తెచ్చి ఆఫీసరుగారి మెడలో వేశారు.

"నేను బతికే ఉన్నానయ్యా!" అన్నారాయన.

"మాటాడకండి సార్. ఏడుపు మద్దిలో ఆగితే అరిష్టం," అన్నాడు అటెండరు.

అత్త ఆయన దయాధర్మాలను తవ్వి తవ్వి పొగిడింది. ఆయనకు కళ్లు చెమర్చాయి. "మా ఇంట్లో కూడా ఎవరూ ఇలా అనలేదమ్మా," అంటూ సంతకం పెట్టేసి, ఆ పూటకి ఆఫీసుకు సెలవిచ్చారు.

నెల తిరక్కుండా కుళాయి వచ్చింది. నీళ్లు రాలేదు. కుళాయి ఈ ఆఫీసుదట, నీళ్లు ఇంకో ఆఫీసువట.

"అప్పా, మల్లోపాలి ఏడు," అని నాన్న అత్తను బతిమాలాడు.

"ఒక మనిసికి ఒకపాలే ఏడుత్తారు. ఆ బాబుకి అయిపోనాది. నీల్ల బాబెవుడో నాకు తెల్దు," అంది అత్త. "పిల్లని సదివించు."

ఎవరి ముందు కూర్చుని ఏడవాలో తెలియాలన్నా లా చదవాల్సిందేనని తేల్చుకున్నాను. నాన్న ఎండిన కుళాయి కేసి ఒకసారి చూసి, నా పెట్టె భుజానికెత్తుకున్నాడు.

పూండిలో రైలెక్కాను. అత్తకు సాగనంపడం కూడా ఒక్క రకంగానే వచ్చు. కిటికీ దగ్గర ప్లాట్‌ఫారం మీద చతికిలబడింది.

"ఎల్లిపోనావా నా తల్లో! మా ఊరికి నీల్లు తెచ్చిన నా తల్లో!"

బోగీలోవాళ్లు గౌరవంగా జరిగి నాకు పడుకునేంత చోటిచ్చారు.

"ఇంకా తేలేదత్తా!" అని అరిచాను. ఆమె ఆపలేదు. రైలు కదిలింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆఫీసరుగారు ఎందుకు సంతకం పెట్టారో అప్పుడర్థమైంది. చెయ్యని పనికి అంత పొగడ్త విని ఊరికే కూర్చోవడం ఎవరి వల్లా కాదు.