బిగిసిన బుగ్గ

నేను ఒక అడకత్తెరను. మొన్న ఫాల్గుణంలో, పొద్దెక్కే వేళకు, బొబ్బిలి బస్టాండు ఎదుట కిళ్ళీకొట్టు నడిపే సింహాద్రమ్మ చనిపోయింది. ఆమె నమిలిన వక్కలు నేను కోసినవే.

కమ్మరి నన్ను ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. గట్టిపడ్డాకే పనికొచ్చాను. మొదట ఒక పురోహితుడి ఇంట్లో ఉన్నాను. ఆయన పళ్ళూడాక పాతసామాన్లలో పడి, సింహాద్రమ్మ చేతికొచ్చాను.

ఆమె గిరాకీలకు కోస్తూ తనూ ఒక ముక్క బుగ్గన పెట్టుకునేది. కొన్నాళ్ళకు కారం తింటే నోరు మండింది. ఆ తర్వాత మంట తగ్గింది. బుగ్గ లోపల తెల్లబారి అట్టలా బిగిసింది. నోరు పూర్తిగా తెరుచుకోవడం మానేసింది.

“ఒలే, సగం నోరే తెరుస్తన్నావు. ఇంటికి శాంతి,” అన్నాడు ఆమె మొగుడు పైడయ్య.

“నీకు సగం సాలు. ఏటనుకున్నావో!”

పైడయ్య గూడ్సుషెడ్డులో కళాసీ. అరచేయి చాపి చూపించాడు. “సూడు, బస్తాలు మోసి మోసి కాయలు కాసినాయి. ఇప్పుడు మేకు గీరినా తెలవదు. నీ బుగ్గకీ కాయ కాసింది. మండట్లేదంటే బాగయినట్టే.”

సింహాద్రమ్మ నమ్మింది. “ఆస్పత్రికి పోదాం అత్తా,” అన్న కోడలు గౌరిని కసిరింది. బుగ్గలో పుండు లేచింది. అదీ గట్టిగానే ఉంది కదా అని ఊరుకున్నారు. మెడ కింద గడ్డ తేలాక బయల్దేరారు. నేను ఆమె చేతిసంచిలోనే ఉన్నాను.

పరీక్షల ఫలితాలన్నీ వచ్చాక డాక్టరమ్మ పిలిచింది.

“ఇది కాయ కాదమ్మా. వక్క రోజూ గాయం చేస్తుంటే లోపల మచ్చ మీద మచ్చ పేరుకుంది. మెత్తటి కండలో నారలు వదులుగా అల్లుకుని ఉంటాయి. నీకు బిగిసి, ఒకే వరసన సాగాయి. అక్కడ కేన్సరు పుట్టింది. బిగుసుకున్న కండ దాన్ని ఆపలేదు. ఆ నారలు పట్టుకునే అది పాకింది.”

“గట్టిదంటే మంచిది కాదా అమ్మా?” అన్నాడు పైడయ్య.

“అరచేతి తోలుకు మంచిదే. లోపలి కండకు కాదు.”

పైడయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“పుండు లేచినప్పుడే వస్తే?” అంది గౌరి.

“కోసి తీసే వీలుండేది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకీ పోయింది.”

సింహాద్రమ్మ పళ్ళ సందునుంచి అడిగింది: “ఇప్పుడు మానేత్తే?”

“మానెయ్యాలమ్మా,” అంది డాక్టరమ్మ.

ఆమె పోయాక పైడయ్య నన్ను పాత ఇనుము బండిలోకి విసిరాడు. “నువ్వే తినేసినావు దాన్ని,” అన్నాడు. నేను వక్కను కోశాను. అరచేయి చూపించింది నేను కాదు. కానీ తిరిగి మాట్లాడని దాని మీద కోపం మనుషులకు తేలిక.

బండి ఇంకా వాళ్ళ వీధిలోనే ఉంది. ఆ రోజే సింహాద్రమ్మ దినం. పందిట్లో భోజనాలు ముగిశాయి. చేతులు కడుక్కున్నవాళ్ళ ముందుకు గౌరి పళ్ళెం తెచ్చింది. అందులో వక్కపొడి పొట్లాలు ఉన్నాయి. “సింహాద్రమ్మ చెయ్యే చెయ్యి. ఈ పొడిలో ఆ రుచి లేదు,” అన్నాడొక పెద్దాయన, రెండు తీసుకుంటూ.

పళ్ళెం ఖాళీ అయింది. గౌరి కొట్లోకి వెళ్ళి ఇంకో పొట్లాల దండ తెచ్చింది.