ఖాళీగా మిగిలిన గడి

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఆమె ఫోనెత్తింది. ఈ నెల ఆన్‌కాల్ డ్యూటీ ఆమెది. అంటే ఆస్పత్రికి వెళ్లకుండా, రోగుల ఫోన్లకు ఇంటినుంచే జవాబు చెప్పాలి. "ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పడానికి జీతం కూడానా!" అని భర్త నవ్వుతాడు. కోడలు ఇంట్లోనే ఉంది కదా అని వంటమనిషికి నెల రోజులు సెలవిచ్చేసింది అత్తగారు. తొమ్మిది రోజులుగా ఆమెను దగ్గు వదలట్లేదు. "డాక్టరమ్మకి రోగమేమిటి, వింటే నవ్వుతారు" అన్నదీ ఆ అత్తగారే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ చెట్టు తనకు తానే పనికిరాకుండా పోయింది.

చలి మొదలయ్యాక వచ్చిన ప్రతి ఫోనునూ వయసులవారీగా పట్టికలో రాయడం ఆన్‌కాల్ డాక్టర్ల పద్ధతి. ఏటా ఆ వరస మారదు. ముందు బడిపిల్లలకు జలుబు, వారం తిరిగేసరికి ముసలివాళ్లకు కఫం, ఆ తర్వాత ఉద్యోగాలకెళ్లే మగవాళ్లకు జ్వరం. ముప్పై నుంచి యాభై ఏళ్ల ఆడవాళ్ల గడి మాత్రం దాదాపు ఖాళీ. "ఈ వయసు ఆడవాళ్లు ఉక్కుపిండాలండీ" అన్నాడు పెద్ద డాక్టరు మొన్నటి మీటింగులో. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

ఇవాళ ఫోనులో ఉన్నది తెలిసిన గొంతే. ఈ నెలలో నాలుగోసారి. మొదట కొడుక్కి, తర్వాత మామగారికి, మొన్న మొగుడికి మందులడిగింది.

"పాపకి జ్వరం... నూట ఒకటి... డాక్టరుగారూ."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. అవతలి మనిషికి నాలుగు మాటలకు సరిపడా ఊపిరి లేదు.

"పాప సంగతి చెప్తాను. ముందు మీరు గట్టిగా గాలి పీల్చి, ఆ ఒక్క ఊపిరితోనే ముప్పై దాకా లెక్కపెట్టండి."

"నాకెందుకండీ... నాకేం లేదు."

"పెట్టండమ్మా."

ఆరు దగ్గర ఆగిపోయింది. పడుకుంటే ఊపిరాడట్లేదట. వారంగా గోడకు చేరగిలబడే నిద్రపోతోందట. "మీరు పాపకి... మందు చెప్పండి. పొయ్యిమీద కూర..."

"పొయ్యి కట్టేయండి. తలుపు తీసిపెట్టి అక్కడే కూర్చోండి. పాపకీ మీకూ కలిపి అంబులెన్సు పంపిస్తున్నాను."

పంపించి, ఫోను పెట్టేశాక ఆమె పట్టిక తెరిచి చూసింది. మూడుసార్లు మాట్లాడింది తను. మూడుసార్లూ మందులు చెప్పి, మూడు వయసులు రాసుకుంది. నీకెలా ఉందమ్మా అని ఒక్కసారి అడగలేదు. ఆ పట్టికలోని ఫోన్లన్నీ చేస్తున్నది ఆ ఉక్కుపిండాలే కదా! ఎవరికోసమో చేస్తారు, ఎవరి వయసో చెప్తారు. వాళ్లను అంబులెన్సులో ఎక్కించే రోజు వచ్చేదాకా వాళ్ల రోగం ఎవరి చెవినా పడదు.

వంటింట్లో ఒక్కతే నిలబడి గాలి పీల్చుకుని తనూ లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర దగ్గు తెర ముంచుకొచ్చింది. మళ్లీ పెట్టింది. ఈసారి ఎనిమిది. భయం వేసింది, నిజంగా. డ్యూటీ మరొకరికి అప్పజెప్పి బ్యాగు తీసుకుంది.

"ఎక్కడికి? ఎవరికి బాగాలేదు?" హాల్లోంచి భర్త అడిగాడు.

"నాకు."

"సర్లే. మధ్యాహ్నం వంట వేళకి వచ్చేస్తావుగా?"

"ఏమో" అంది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.