గట్టు దారికి అడ్డంగా నిలబడ్డ పట్టా ముక్క

నేను ఒక రైలు పట్టా ముక్కని. ఇప్పుడు చూస్తే ఎవరూ నమ్మరు. ఒంటినిండా పసుపు, ఎర్ర జరీ చీర, రెండు వెండి కళ్ళు. ఆ కళ్ళతో నాకేమీ కనబడదు. వెనక తుప్పుతోనే చూస్తున్నాను, ఎప్పటిలాగే.

ఎక్కడ పుట్టానో గుర్తు లేదు. ఎర్రటి వేడి గుర్తుంది, అంతే. రేవుకి పోయే చిన్న రైలు దారిలో నన్ను పరిచారు. నా మీదుగా ధాన్యం వెళ్ళింది, కొబ్బరికాయలు వెళ్ళాయి, పెళ్ళివారు వెళ్ళారు. కొన్నాళ్ళకి ఎవరూ ఎక్కడం లేదని దారి ఎత్తేసి, పట్టాలు కోసి ముక్కలు చేశారు. నాతోటి ముక్క ఒకటి బడిగంట అయింది. రోజూ దెబ్బలు తినే బతుకు దానిది. నేను కాలవల ఆఫీసు వెనక జిల్లేడు మొక్కల్లో పన్నెండేళ్ళు పడుకున్నాను. నా బతుకులో సుఖమంటే అదే.

అక్కణ్ణుంచి నన్ను లేపినవాడు తాతబ్బాయి, కాలవ లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా కాయడం అతని పని. మూడో తరగతితో బడి మానేశాడట. మాటలు కూడా అక్కడే మానేసినట్టున్నాడు.

సముద్రం ఒడ్డున ఉన్న పాలెం నుంచి సంత ఊరికి రెండు దారులు. ఒకటి పెద్ద రోడ్డు, లారీలదీ బస్సులదీ. రెండోది కాలవ గట్టు, తొమ్మిది మైళ్ళు. సరుగుడు తోటల్లో మొదలై, ఉప్పు మడుల పక్కగా వచ్చి, లాకు దాటి, కొబ్బరిచెట్ల నీడన సంతలో తేలుతుంది. ట్రాక్టర్లు తిరిగి ఆ గట్టుకి రెండేళ్ళు వరసగా గండి పడింది. పై అధికారి విసిగిపోయి, “దారి మధ్యలో ఓ పట్టా ముక్క పాతెయ్యవయ్యా” అన్నాడు. తాతబ్బాయి పాతాడు. నాకు అటూ ఇటూ రెండేసి మూరలు వదిలాడు. మనిషి పడతాడు, ఆవు పడుతుంది, చేపల తట్టలు కట్టిన సైకిలు పడుతుంది. నాలుగు చక్రాలది ఏదీ పట్టదు.

ఆ రోజునుంచి ఆ దారి సైకిళ్ళదే. పోస్టుమాను వెళ్ళేవాడు, కల్లుగీత గాళ్ళు వెళ్ళేవారు, బడికి పోయే ఆడపిల్లలు ముగ్గురేసి వరసన కబుర్లాడుకుంటూ వెళ్ళేవారు. నా దగ్గరకొచ్చి విడిపోయి, నన్ను దాటి మళ్ళీ కలిసేవారు. పోతూ పోతూ ప్రతివాళ్ళూ నా నెత్తిమీద ఒక చరుపు చరిచేవారు. ఒళ్ళంతా తుప్పు పట్టినా అక్కడ మాత్రం అద్దంలా ఉండేది.

తాతబ్బాయి కొడుకు సూరిబాబు ఈ దారినే సైకిలు మీద చేపలు తీసుకెళ్ళి సంతలో అమ్మేవాడు. ఒక వానాకాలం గట్టు మీద మోకాలి లోతు బురద. ఆ ఒక్కరోజూ పెద్ద రోడ్డున వెళ్ళాడు. మధ్యాహ్నానికి మనిషిని గుడ్డ కప్పి తెచ్చారు. సైకిలు సాయంత్రం తెచ్చారు.

మూడు నెలలు పోయాక కోడలు నూకరత్నం ఆ సైకిలు బయటికి తీసింది. తొక్కడం రాదు. తాతబ్బాయి వెనక సీటు పట్టుకుని గట్టు మీద నేర్పాడు.

“మావయ్యా, ఒదిలెయ్యకండి! మీకు దణ్ణవెడతాను, ఒదిలెయ్యకండి!”

“ఒదిలేసి చాలాసేపైందే.”

ఆమె వెనక్కి చూసింది. తిన్నగా వచ్చి నాకు గుద్దుకుంది. సొట్టపడ్డ మడ్‌గార్డు చూసి నవ్విందో ఏడ్చిందో తెలియదు, రెండూ అయ్యుంటాయి.

“దాన్ని చూడకు,” అన్నాడు తాతబ్బాయి. “చూస్తే దానికే తగుల్తావు. పక్కన చోటు చూడు. అలాగే, పెద్ద రోడ్డెక్కకు. ఎన్నడూ.”

అతని నోట ఒక్కసారిగా అన్ని మాటలు వినడం నాకదే మొదలు.

ఆ తరవాత పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే ఆమె గంట వినబడేది. ముందు చేపల వాసన వచ్చేది, తరవాత గంట, తరవాత నా నెత్తిన చరుపు. ఆదివారాలు టౌను నుంచి టోపీలు పెట్టుకుని, బిగుతు లాగులు వేసుకుని సైకిళ్ళవాళ్ళు వచ్చేవారు. హాయిగా నిద్రపోవలసిన రోజున చెమటలు కక్కుతూ సముద్రం దాకా పోయి, దాన్ని ఒకసారి చూసి తిరిగి వచ్చేసేవారు. ఒకడు తాతబ్బాయిని అడిగాడు.

“తాతా, ఇంత మంచి రోడ్డు, ఒక్క బండీ లేదేంటి?”

తాతబ్బాయి నన్ను చూపించి తన దారిన పోయాడు.

ఇంతలో ఉప్పు మడులు రొయ్యల చెరువులయ్యాయి. వాటి యజమాని వీర్రాజుగారు. ఆయన మేత లారీలు పెద్ద రోడ్డున చుట్టు తిరిగి రావాలి. గట్టు మీదనైతే దగ్గరి దారి. అడ్డం నేను. ఒక సాయంత్రం ఆయన ట్రాక్టరు డ్రైవరు గంగరాజు వచ్చి నా మెడకి తాడు కట్టి లాగాడు. నేను కొంచెం వంగాను. తాడు తెగింది. “రేపు గొలుసు తెస్తాన్రా, నీ పని చెప్తాను” అని తిట్టి పోయాడు.

తెల్లవారుజామున తాతబ్బాయి వచ్చాడు. చేతిలో పసుపు పొట్లం. తడిచేత్తో నాకు పైనుంచి కిందిదాకా పూశాడు. మూడు కుంకంబొట్లు పెట్టాడు. వేపమండ కట్టాడు. ఎర్రగాజు ఒకటి వేళ్ళాడదీశాడు. దణ్ణం మాత్రం పెట్టలేదు.

గంగరాజు గొలుసుతో వచ్చి, చూసి, చెప్పులు విడిచేశాడు.

“ఓర్నాయనో! నిన్న తాడు కట్టింది ఈవిడకా!”

అప్పటికే వానలో తడిసి, కల్లు తాగి ఉన్నాడేమో, ఆ రాత్రే అతనికి జ్వరం తగిలింది. దాంతో నాకు పేరొచ్చింది. పట్టాలమ్మ తల్లినయ్యాను. కొబ్బరికాయలు కొట్టారు, కోళ్ళు కోశారు, కోరికలు కోరారు. పరీక్షలు, కోర్టు కేసులు, మొగుడి తాగుడు. నేనేం చెయ్యగలను? నాకొచ్చిన పనల్లా అడ్డంగా నిలబడటమే. ఆదివారం సైకిళ్ళవాళ్ళు కూడా టోపీలు తీసి మొక్కారు. నూకరత్నం మాత్రం గంట కొట్టి, ఎప్పటిలా నెత్తిన చరిచి వెళ్ళేది. మావయ్య గోళ్ళలో పసుపు ఆమె చూసింది.

రెండేళ్ళు అలా గడిచాయి. వీర్రాజుగారు తెలివైనవాడు. నా జాతర నాడు తానే వచ్చి, కొబ్బరికాయ కొట్టి, జనం ఎదట కళ్ళు తుడుచుకున్నాడు.

“అమ్మ ఇలా ఎండకీ వానకీ దారి మధ్యన నిలబడితే మనకి అన్నం ఎలా సయిస్తాదండీ? గుడి కట్టిస్తాను. గట్టు పక్కనే. రంగుల గుడి.”

“ఆయ్, అదీ మాటంటే!” అన్నారందరూ.

నూకరత్నం జనంలోంచి మావయ్య కేసి చూసింది. ఆమె అడగలేదు గానీ, ఆ చూపు అడిగింది. నేను పక్కకి పోతే గట్టు మీదకి లారీలొస్తాయి. ఆమెకి ఇంకో దారి లేదు.

తాతబ్బాయి లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

“అది అమ్మ కాదండి. పట్టా ముక్క. నేనే పాతాను. పసుపు కూడా నేనే పూశాను.”

నాకు ఊపిరాడినట్టయింది. ఎవరో ఒకరు నన్ను నా పేరుతో పిలిచారు.

ఒక ముసలామె లెంపలేసుకుంది. “ఎంత అదృష్టవంతుడివయ్యా! అమ్మే నీ చేత పాతించింది. అమ్మే నీ చేత పసుపు రాయించుకుంది.”

“విన్నారా!” అన్నాడు వీర్రాజుగారు. “అమ్మ ముందు ఎంచుకున్నది మన లస్కర్నే. తొలి కొబ్బరికాయ తాతబ్బాయిగారిదే.”

డప్పులు మోగాయి. తాతబ్బాయి ఇంకేదో అన్నాడు. వినబడలేదు. మెడలో ఒక దండ పడింది.

ముహూర్తం పెట్టి నన్ను తవ్వి తీశారు. గట్టు పక్కన మోకాళ్ళ దాకా సిమెంటు పోసి నిలబెట్టారు. నేను ఉన్న గోతిని కంకరతో పూడ్చారు. మూడో రోజుకి మొదటి లారీ వచ్చింది. డ్రైవరు నా ఎదట బండి ఆపి, నిమ్మకాయ కట్టుకుని మరీ వెళ్ళాడు.

ఇప్పుడు గట్టు కుంగుతోంది. ఆడపిల్లలు ముగ్గురేసి పోవడం మానేశారు. ఆదివారాలవాళ్ళు వేరే దారి వెతుక్కున్నారు. తాతబ్బాయి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే వచ్చి గుడి కేసి కాదు, పూడ్చిన గోతి కేసి చూసి పోతాడు. వానలకి అది ప్రతి ఏడూ దిగబడుతుంది.

నూకరత్నం ఇంకా తొక్కుతోంది. నెత్తిన చరిచే వీలు లేదు, అక్కడ కిరీటం ఉంది. మొన్న ఒకరోజు సైకిలు ఆపింది. చుట్టూ ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో మొదటిసారి నాకు చేతులు జోడించింది.

“ఆరడుగులు ఇటు జరగవే తల్లీ. ఇంకేం అడగను.”

ఎందరు ఏమేమి అడిగారో. నేను ఒకప్పుడు చెయ్యగలిగిన పని అడిగింది ఆమె ఒక్కతే.

సరుగుడు తోట వైపు నుంచి హారను వినబడింది. ఆమె సైకిలు గట్టు అంచుకి తోసుకుని, తట్టల మీద కొంగు కప్పి నిలబడింది. లారీ డ్రైవరు నాకు దణ్ణం పెట్టి, ఆమె మీద దుమ్ము పోసి వెళ్ళిపోయాడు.