పద్నాలుగో నంబరు

గింజల ప్యాకెట్‌ను కుడిచెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపాడు. గలగలమంది. అట్టపెట్టెలో పడేశాడు. రెండోదీ అలాగే పలికింది. మూడోది ఊపితే తడిసిన కంకరలా దబదబమంది. దాన్ని పక్కన పెట్టి, చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి చెవి దగ్గర ఊపుకున్నాడు. ఒకప్పుడు దగ్గుబిళ్లలుండే ఆ డబ్బాలో, సరిగ్గా వేగి ఎండిన చిక్కుడు గింజలు ఓ ఇరవై ఉంటాయి. అనుమానం వచ్చినప్పుడల్లా దాని చప్పుడుతో పోల్చి చూసుకోవడం అతని పద్ధతి. మూడో ప్యాకెట్‌లోకి ఎక్కడో గాలి దూరిందని తేలిపోయింది.

"ఇలా ప్రతిదీ ఊపుతారా బాబాయ్?" అంది పనిలో కొత్తగా చేరిన కొత్తామె, చిప్స్ నములుతూ.

"ఊపకపోతే ఎలా తెలుస్తుందమ్మా? ప్యాకెట్లన్నీ పైకి పెళ్లికొడుకుల్లాగే ఉంటాయి. లోపల సంగతి నోరు తెరిపిస్తేనే తెలిసేది."

గోడౌనులో అందరూ అతన్ని గిలక్కాయ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రమే కనిపిస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పని ఒకటే. ఊళ్లో ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, బస్సు డిపోలో అద్దాల బీరువాల్లాంటి మెషీన్లు ఉంటాయి. జనం డబ్బులు వేసి నంబరు నొక్కితే, స్ప్రింగు తిరిగి చిప్స్ ప్యాకెట్ కింద పడుతుంది. ఆ స్ప్రింగుల్లో ప్యాకెట్లు నింపడమే గిలక్కాయ ఉద్యోగం. అడుగు వరుసకి వంగీ వంగీ కుడి మోకాలు అరిగింది. అద్దం తలుపు మోసీ మోసీ ఎడమ భుజం ఒక వేలెడు కిందికి దిగింది. నలిగిన ప్యాకెట్లు పారేయడానికి మనసొప్పక అన్నీ తనే తినడం వల్ల, ముప్పై ఏళ్ల నలిగిన చిప్స్ నడుం చుట్టూ చేరి ఖాళీ చేయనని కూర్చున్నాయి.

ఈ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. రేపటి నుంచి ఈ రూటు, బండి, తాళాల గుత్తి కొత్తామెవి. ఆమెకి ముప్పై అయిదేళ్లుంటాయి. ఇద్దరు ఆడపిల్లల తల్లి. మొన్నటిదాకా బడి వ్యాను నడిపింది. పొద్దున మేనేజరు ఇద్దర్నీ నిలబెట్టి, "మెషీన్లలో అడుగున ఆ గింజల వరుస ఉంచుతావో పీకేస్తావో ఇక నీ ఇష్టమమ్మా" అన్నాడు ఆమెతో. అప్పట్నుంచీ గిలక్కాయ ప్రాణం ఆ మాట మీదే ఉంది.

బండి తాళం తిప్పేముందు కళ్లు మూసుకుని దేవుడితో రెండు ముక్కలు మాట్లాడటం అతనికి అలవాటు. పెద్ద కోరికలేం కావు. టైరు పంక్చరు కాకూడదు. మోకాలు మొరాయించకూడదు. ఈ రోజు మూడోది కూడా చేర్చాడు: ఆ వరుస మిగలాలి.

"గింజలంటే మీకెందుకంత ఇది?" అంది ఆమె, బండి గేటు దాటాక.

గిలక్కాయ గేరు మార్చాడు. "రెండేళ్ల కిందట రక్తపోటు వచ్చింది. ఉప్పూ నూనే మానెయ్యమన్నాడు డాక్టరు. నోరు ఊరుకోకపోతే ఈ గింజలు నమలమన్నాడు. ప్రొటీను ఉంటుందట, కడుపు నిలబడుతుందట. సరే, నా కడుపు సంగతి నేను చూసుకున్నా. మరి నేను తిండి పెట్టిన కడుపుల సంగతి?"

"మీరేం పెట్టారు? వాళ్లే నొక్కుకున్నారు."

"నింపింది నేనేగా. రేపు పైకి పోయాక దేవుడు, భూమ్మీద ఏం చేసొచ్చావురా అంటే ఏం చెప్పను? ఊరందరికీ ఉప్పూ నూనే పంచానయ్యా అని చెప్పనా? ఒక్క వరుసైనా చూపించుకోవద్దూ."

ఆమె పకపకా నవ్వింది. చేతిలో చిప్స్ ప్యాకెట్ చూసుకుని, ఇంకాస్త నవ్వి, దాన్ని మడిచి పక్కన పెట్టింది.

అప్పట్లో తను కాళ్లావేళ్లా పడితే మేనేజరు, "మనం అమ్ముతున్నది మనుషులకా గుర్రాలకా?" అని గొణిగి, ప్రతి మెషీన్లో నలభై ఒకటో నంబరు ఇచ్చాడు. అది అట్టడుగు వరుస. ఆ ప్యాకెట్ కనబడాలంటే కొనేవాడు సగానికి వంగాలి. ఆకలేసినవాడు జేబు తడుముకుంటాడు గానీ, ఏం తినాలా అని అంత లోతుగా వంగి వెతకడు.

మొదట ఈతకొలను దగ్గర ఆగారు. తడి కాళ్ల గుర్తులు దాటుకుంటూ వెళ్లి ఆమే తలుపు తెరిచింది. చిప్స్ స్ప్రింగులన్నీ ఖాళీ. అడుగున నలభై ఒకటి మాత్రం నిండుగా ఉంది.

"ఎనిమిదికి ఎనిమిదీ ఉన్నాయి బాబాయ్." కాగితాల అట్ట తిరగేసింది. "ఇదేంటి, రెండేళ్లుగా ప్రతి నెలా బాగానే పోయినట్టుంది. ఈ రెండు వారాల్లోనే ఏమైంది?"

గిలక్కాయ రుమాలుతో అద్దం తుడిచాడు. అప్పటికే తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"కొన్నది నేనేనమ్మా."

"మీరా?"

"ఒక్కటీ పోకపోతే వరుస తీసేస్తారని, అక్కడో ప్యాకెట్ ఇక్కడో ప్యాకెట్..."

"మీరే పెట్టి, మీరే డబ్బులేసి, మీరే నొక్కారా?"

"వంగి తీసుకున్నది కూడా నేనే." మోకాలు నిమురుకున్నాడు. "పదిహేను రోజుల కిందట మా ఆవిడ బట్టల బీరువా జరిపితే వెనకనుంచి వానపడ్డట్టు ప్యాకెట్లు రాలాయి. పాటా నువ్వే పాడి చప్పట్లూ నువ్వే కొట్టుకుంటున్నావా, దేవుడి కళ్లలో దుమ్ము కొడదామనా అంది. ఇకమీదట ఒక్కటి కూడా కొనొద్దని మాట తీసుకుంది. ఆవిడ అన్నదీ నిజమే. దొంగలెక్క చూపించి పుణ్యం అడిగితే ఎలా?"

ఆమె ఈసారి నవ్వలేదు. ఈ మనిషిని చూస్తే జాలేసింది గానీ, రేపట్నుంచి రూటు తనది. "దాచడమెందుకు బాబాయ్, నేనైతే తీసేస్తాను. అమ్మకం బావుంటేనే ఈ రూటు నాకుంటుంది. ఇంట్లో ఇద్దరున్నారు."

"తప్పులేదమ్మా," అన్నాడు గిలక్కాయ. నిజంగానే తప్పులేదు. ఆ మాట అని, తుడిచిన అద్దాన్నే మూడోసారి తుడిచాడు.

తర్వాత రెండు ఆఫీసులు. అక్కడా అంతే. నలభై ఒకటి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమే మాట మార్చి, తన చిన్నకూతురు బడిలో చేసిన అల్లర్లు చెప్పింది. గిలక్కాయ నవ్వాల్సిన చోటల్లా నవ్వాడు.

డిపోకి చేరేసరికి మధ్యాహ్నమైంది. డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే గదిలో పొడుగు బల్లలు, గోడకి గడియారం, మూలన మెషీను. దాని అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది. అది చూడగానే గిలక్కాయ గుమ్మంలోనే ఆగాడు. ముప్పై ఒక్క ఏళ్లలో అతని మెషీన్ల మీద ఫిర్యాదన్నది లేదు. ఆఖరి రోజున వచ్చిందా?

కొత్తామె పైకి చదివింది. "పద్నాలుగులో గులకరాళ్లు పోసిన మహానుభావుడెవరో ఒకసారి కనబడగలరు."

"పద్నాలుగా? అది ఉప్పు చిప్స్‌ది కదా. పన్నెండేళ్లుగా అందులో ఇంకోటి పెట్టలేదు."

ఆమె తలుపు తెరిచింది. పద్నాలుగో స్ప్రింగు ఖాళీ. మోకాళ్ల మీద కూర్చుని అడుగు వరుసలోకి తొంగిచూసింది. నలభై ఒకటిలో ఉప్పు చిప్స్ ఎవరూ ముట్టుకోకుండా బారుగా నిలబడి ఉన్నాయి.

గిలక్కాయకి ఒక్కసారిగా అర్థమైంది. పోయిన వారం ఇక్కడ పాత గింజలు తీసేసి కొత్తవి సర్దాడు. ఆ రోజు కళ్లద్దాలు ఎందుకో మసగ్గా ఉన్నాయనుకున్నాడు. సాయంత్రం ఇంటికెళ్లాక తెలిసింది, అవి భార్యవని. ఆ అద్దాల్లోంచి చూస్తే పద్నాలుగేమిటో నలభై ఒకటేమిటో. గింజలు పైన పెట్టి, చిప్స్ అడుగున పెట్టాడు.

"ఇంకా ఉంది బాబాయ్, కింద వేరే రంగు పెన్నుతో." ఆమె కాగితం దగ్గరగా వంగింది. "వచ్చేటప్పుడు మరికాసిని గులకరాళ్లు తెండి."

"వచ్చాడ్రోయ్ గిలక్కాయ," అన్నారెవరో వెనకనుంచి. భారీ మనిషి. తొమ్మిదో నంబరు బస్సు డ్రైవరు. ఒంటికంటే ముందు పొట్ట గదిలోకి వచ్చింది. "ఏంటన్నా నువ్వు చేసిన పని? పన్నెండేళ్లుగా చూడకుండానే పద్నాలుగు నొక్కుతున్నా. వేలికి కళ్లొచ్చేశాయి. పోయిన వారం నొక్కితే రాళ్లు పడ్డాయి."

"పొరపాటైంది తమ్ముడూ. కళ్లద్దాలు..."

"ముందు మాట విను. తిట్టుకుందామంటే బస్సుకి టైమైపోయింది. చేసేదేం లేక జేబులో పోసుకుని ఎక్కా. ఒక్కోటీ నోట్లో వేసుకుంటూ పోయా. చిప్స్ తింటే చెయ్యంతా జిడ్డు, స్టీరింగు జారిపోద్ది, ప్యాంటుకి తుడుచుకుంటే ఇంటికెళ్లాక మా ఆవిడ నన్ను ఉతికి ఆరేస్తది. దీనికి ఆ గొడవే లేదు. పైగా భోజనం తర్వాత మూడో ట్రిప్పులో కళ్లు మూతలు పడతాయి చూడు, ఒక్క గింజ పటుక్కున కొరికితే నిద్ర ఆమడదూరం పారిపోద్ది. అందరికీ చెప్పా. మూడ్రోజులకే ఖాళీ. అప్పట్నుంచీ ఖాళీ స్ప్రింగు మొహం చూసుకుంటా కూర్చున్నాం."

"ప్రొటీను కూడా ఉంటుంది," అన్నాడు గిలక్కాయ.

"ఉంటే ఉండనీ అన్నా. మాకేం అడ్డం రాదులే."

బల్లల దగ్గరున్నవాళ్లంతా గొల్లుమన్నారు. గిలక్కాయ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు ప్రాధేయపడ్డాడు, దొంగచాటుగా కొన్నాడు, ప్రొటీను గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. ఒక్క ప్యాకెట్ కదల్లేదు. ముప్పై ఏళ్ల తెలివి చెయ్యలేని పని పెళ్లాం కళ్లద్దాలు చేశాయి. ఇందులో తనదేమైనా ఉందా, అంతా ఆయనదేనా? ఆయనదే అయితే మొదటి రోజే చెయ్యొచ్చుగా, ఈ మోకాలైనా మిగిలేది. దేవుడితో అతనికి తగాదాలు లేవు. ఇలాంటి సందేహాలే.

డ్రైవరు వెళ్లాక అతను చేతిలో గింజల ప్యాకెట్లు పట్టుకుని మెషీను ముందు నిలబడిపోయాడు.

"ఇప్పుడు పద్నాలుగులో ఏం పెట్టాలమ్మా? చిప్స్ అడుక్కి తోసేసి, చూడకుండా నొక్కేవాళ్లచేత గింజలు కొనిపిస్తే అదీ ఒక మోసమేనేమో. నాకు తెలీట్లేదు. నువ్వే చెప్పు."

ఆమె మెషీను వంక తల పక్కకి వంచి చూసింది, కూతురికి జడ సరిగ్గా కుదిరిందా అని చూసినట్టు. "పద్నాలుగు గింజలకి. పదిహేను చిప్స్‌కి. పక్కపక్కనే ఉంటాయి. కళ్లున్నవాళ్లు చూసి నొక్కుకుంటారు. మిగతా మెషీన్లలో కూడా రేపు అలాగే మార్చేస్తా."

"అమ్మకం?"

"చూద్దాం బాబాయ్. మా పెద్దది రోజుకి రెండు ప్యాకెట్ల చిప్స్ తింటుంది. పైకెళ్లాక నన్ను కూడా అడుగుతాడుగా."

ఇలా ఇవ్వండి అని అతని చేతిలోంచి ప్యాకెట్లు తీసుకుని తనే నింపసాగింది. నాలుగోది పెట్టబోయి ఆగింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మొహం చిట్లించి మళ్లీ ఊపింది.

"ఇది పలకట్లేదు బాబాయ్."

గిలక్కాయ తీసుకుని ఊపాడు. పొద్దున తన చెవిని దాటుకుని వచ్చేసిందది. అతనికి అంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు. "అవునమ్మా," అన్నాడు. "పలకట్లేదు."

నాలుగింటికి బండి అతని వీధి మొదట్లో ఆగింది. తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టాడు. ఏ తాళం మొరాయిస్తుందో, దేన్ని కొంచెం పైకెత్తి తిప్పాలో ఇంకోసారి చెప్పాడు. ఆమె ప్రతిదానికీ సరే అంది. ఇంకేం చెప్పాలో తోచక, బండి తలుపు మీద రెండుసార్లు తట్టాడు, ఎద్దు మూపు తట్టినట్టు.

పక్కనే ఇంటి గేటు దగ్గర భార్య నిలబడి ఉంది. "ఇవాళ కూడా నా కళ్లద్దాలే పెట్టుకుపోయావా? పొద్దుట్నుంచి ఇల్లంతా వెతుకుతున్నా."

గిలక్కాయ తీసి చూసుకున్నాడు. ఆవిడవే. "వీటికి దణ్ణం పెట్టుకోవే," అన్నాడు. "లోపలికి పద, చెప్తా."

ఆవిడ అతని చేతిలోంచి లాక్కుని, పైటచెంగుతో తుడిచి పెట్టుకుంది. ఏదో అంది. ఇద్దరూ నవ్వుకుంటూ నడిచారు. దిగిన భుజం ఆవిడ వైపు ఉండటంతో, అతను ఆవిడకి ఆనుకున్నట్టే కనిపించాడు.

కొత్తామె గేరు మార్చబోతూ చూసింది. స్టీరింగు ముందు, అద్దం వారగా దగ్గుబిళ్లల రేకు డబ్బా ఉంది. "బాబాయ్, మీ డబ్బా," అని కేకేసింది. అతను వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, ఉండనీ అన్నట్టు ఊపాడు. గేటు మూసుకుంది.

ఆమె రేడియో ఆపేసి బండి కదిలించింది. వీధి చివర మొదటి గుంతలో చక్రం దిగి లేవగానే, రంగు వెలిసి మూత అంచులు అరిగిన ఆ చిన్న డబ్బా గలగలమంది.